గొంతు అరువు

ఆటోనగర్లో ముప్పై ఏళ్ళుగా
లారీల వీపుల మీద నెమళ్ళు వేశాను.
నెమలి పక్కన తామరపువ్వు, దాని కింద
ఓనరు పిల్లల పేర్లు,
అన్నిటికన్నా కింద, నంబరు ప్లేటుకు ఆనుకుని,
చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరు: అంకారావు.

నిరుడు నాలుగో రోడ్డు చివర కొత్త షెడ్డు లేచింది.
అందులో బళ్ళు పుడతాయట, డీజిలు తాగనివి.
మూడు చక్రాలు, తెల్ల డబ్బా, పక్కన ఒక ప్లగ్గు.
నలభై బళ్ళు ఒకే కంపెనీకి,
గొల్లపూడి హోల్‌సేల్ నుంచి ఊళ్ళో కిరాణా కొట్లకు
బియ్యం, నూనె డబ్బాలు, సబ్బులు మొయ్యడానికి.
నలభైకీ స్టిక్కర్లే. బ్రష్షు అక్కర్లేదన్నారు.
సరే అన్నాను. అనకేం చేస్తాను?

సైదులుకి చెప్పాను.
పంపు మెకానిక్ సైదులు, స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి
పిడి చెవికి పెట్టుకుంటే
ఎన్నో సిలిండర్ దగ్గుతోందో చెప్పేవాడు,
ఓనరు ఏ బంకులో కల్తీ కొట్టించుకున్నాడో కూడా.
వాడి కూతురు రిజ్వానాకి ఆ షెడ్డులోనే ఉద్యోగం,
బ్యాటరీ పెట్టెకు బోల్టులు బిగించే పని.
ఒక సాయంత్రం క్యారేజీ ఇచ్చే నెపంతో వెళ్ళి
తెల్లబండికి స్క్రూడ్రైవర్ ఆనించాడు.
చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.
"ఏం వినపడింది?" అన్నాను.
"నా చెవిలో నెత్తురు తిరగడం" అన్నాడు.

బళ్ళు బాగానే తిరిగాయి, అబద్ధమెందుకు.
చిట్టినగర్ సొరంగం రోడ్డు
ఏడొందల కేజీలతో ఉలుకూ పలుకూ లేకుండా ఎక్కాయి.
రోహిణి కార్తెలో మాత్రం రెండు మొరాయిస్తే
జ్వరమొచ్చిన పిల్లలకు మల్లే
నీడన పడుకోబెట్టారు.

అంతలో వన్‌టౌన్ సందు మొదట్లో
నిమ్మకాయల తులసమ్మను ఒకటి వెనక నుంచి తాకింది.
దెబ్బ పెద్దది కాదు. మోచెయ్యి గీరుకుంది.
కాయలు మాత్రం కాలవ దాకా దొర్లాయి.
"హారన్ కొట్టాడమ్మా" అన్నారెవరో.
"మీదికొచ్చాక కొడితే ఏం లాభం?
బండంటే నాలుగిళ్ళ అవతల్నుంచే చెప్పుకుంటూ రావాలి" అంది
కాయలు ఏరుకుంటూ.
"దొంగలా ఇదేం రాక?"

అప్పుడు గుర్తొచ్చాను నేను.
మేనేజరు కుర్రాడు కాగితం చేతిలో పెట్టాడు:
'శబ్దరహిత వాహనం. అప్రమత్తంగా ఉండగలరు.'
నలభై బళ్ళకూ, ముందు వైపు, ఎర్రరంగులో.
ఆర్నెల్ల తర్వాత వచ్చిన పని. డబ్బా మూత కూడా తీశాను.
ఐనా నోరూరుకోదుగా,
"బాబూ, వెనకనుంచి వచ్చేదాన్ని ఎవరు చదువుతారు?
వీపుకు కళ్ళుంటే చెవులతో పనేముంది?" అన్నాను.
కుర్రాడు కాగితం వెనక్కి తీసుకున్నాడు.
నా కూడు నా నోటితోనే పారబోసుకున్నాను.

మరి ఏం చప్పుడు పెట్టాలి? మూడు రోజులు మాట్లాడుకున్నారు.
కంప్యూటర్లో చేసిన కూతలు వినిపించారు,
ఒకటి పిల్లల బొమ్మలా, ఒకటి ఆస్పత్రి మిషన్లా.
రిజ్వానాయే అందట, రెంచీ 'టక్' మనేదాకా తిప్పుతూ:
"మా నాన్నని అడగండి."

రాత్రి పదకొండింటికి, సుత్తులన్నీ పడుకున్నాక,
సైదులు స్టూలు మీద కూర్చున్నాడు.
మొహం ముందు ఫోను.
నీళ్ళు తాగాడు, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు,
కళ్ళు మూసుకుని
పాత డీజిల్ ఆటో అయ్యాడు.
గుడగుడ, దడదడ, గేరు మారేచోట చిన్న ఎక్కిళ్ళు,
లోడు దించాక వచ్చే ఆ తేలిక నిట్టూర్పు.
అన్నీ పలికించాడు. ఒక్క చోట దగ్గాడు.
"దగ్గు తీసేద్దాం" అన్నాడు మేనేజరు.
"ఉండనీ" అన్నాను. "మనిషున్నాడని తెలుస్తుంది."

ఇప్పుడు తెల్లారగట్ల నాలుగున్నరకు
గొల్లపూడి గేటు తెరుచుకుంటే
నలభైమంది సైదులు గొంతు సవరించుకుంటూ
ఊరి మీదకు బయల్దేరతారు.
తులసమ్మ తిరిగి చూడకుండానే బుట్ట పక్కకు జరుపుకుంటుంది.
సైదులు మాత్రం టీకొట్టు బల్ల మీద
గ్లాసు ఊదుకుంటూ, కిక్కురుమనడు.
పలకరిస్తే వేలు పైకెత్తుతాడు:
ఆగు,
పదిహేడో బండి బేరింగు ఏదో అంటోంది.