మడత కుర్చీలు

నూట ఇరవై కుర్చీలు వేయమన్నారు.
వేశాను,
బాస్కెట్‌బాల్ గీతల మీద, నేల గీసుకుపోకుండా
కాళ్ల కింద రబ్బరు బిళ్లలు చూసుకుంటూ.
పందొమ్మిదేళ్లుగా ఈ ఈరీ ఊళ్లో ఇంగ్లీషులోనే తిట్లు తింటున్నా
లెక్క మాత్రం నాకు తెలుగులోనే వస్తుంది.
వచ్చినవాళ్లు నలభై ముగ్గురు.
మార్చి నెల. సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది.
అందుకే రాలేదనుకుందాం.

మేయర్ పదవికి నిలబడ్డ మార్సెలా కొవాల్చిక్
బూట్ల మంచు దులుపుకోకుండానే మైకు అందుకుంది.
మూడేళ్లలో నాలుగు వేల ఉద్యోగాలు.
తెర మీద ఓ నీలం గీత
మెట్లెక్కే మేకపిల్లలా పైకి పైకి పోయింది.
మూతబడ్డ షెడ్డులో గాలిమరల రెక్కలు తయారవుతాయట,
రేవు పక్కన గిడ్డంగులు, చిన్న కొట్లకు చేబదుళ్లు,
కుర్రాళ్లకు వెల్డింగు బడి.
ఆ బడికి పేరు కూడా పెట్టేశారు.
ఆలు లేదు, చూలు లేదు అనుకుని
చీపురు గోడకానించి నిలబడ్డాను.

రెండో వరసలో లెనర్డ్ గోర్స్కీ లేచాడు.
ముప్పై నాలుగేళ్లు రైలింజన్లకు అతుకులేసిన చేతులు,
ఇప్పుడు కోటు గుండీకి కూడా సాయం అడుగుతాయి.
"నాలుగు వేలంటున్నావు కదమ్మా,
అందులో మా మనవడిది ఎన్నో నంబరు?"
ఎవరూ నవ్వలేదు.
మార్సెలా ఓ కాగితం తిప్పింది. ఇంకోటి తిప్పింది.
"తెలీదు" అంది.
మైకు ఆ మాటను పెద్దది చేసి
ఎదుటి గోడకు కొట్టి వెనక్కి తెచ్చింది.
ఆ సాయంత్రం మొత్తంలో
లెక్క సరిపోయిన మాట అదొక్కటే.

తర్వాత కూరగాయల కొట్టు ధనమాయా రాయ్,
భూటాన్ నుంచి రెండు శిబిరాలు దాటొచ్చిన మనిషి:
"అప్పు నాకొద్దు. కొట్టు ముందు పార్కింగ్ మీటరు తీసేయిస్తావా?"
పక్కనున్న కుర్రాడు రాసుకున్నాడు, స్పెల్లింగు అడిగి మరీ.

నాకూ ఓ ప్రశ్న ఉంది.
చీపురు పట్టుకున్నవాళ్లు అడగకూడదని ఎవరూ చెప్పలేదు,
అడగొచ్చనీ చెప్పలేదు.
అరవై రెండు పేజీల ప్రణాళిక, కుర్చీ కుర్చీకీ నేనే పెట్టాను.
ముప్పై ఏడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో
'పదకొండో నంబరు బస్సు అర్ధరాత్రి దాకా.'
అంతే. బొమ్మ లేదు.
తెర మీదికి ఎక్కనే లేదు ఆ వాక్యం.

నా ఆఖరి బస్సు తొమ్మిదీ నలభైకి.
ఆసుపత్రి లాండ్రీలో రెండో షిఫ్టుకు రెండుసార్లు పిలిచారు,
గంటకు మూడు డాలర్లు ఎక్కువ,
దిగేసరికి పదకొండున్నర.
పని ఉంది. పనికి నేనున్నాను.
మధ్యలో నాలుగు మైళ్ల చీకటి ఉంది.

అందరూ వెళ్లారు. ఆమె ఉండిపోయింది.
కుర్చీ మడవబోయి వేలు నలిపేసుకుంది.
"అలా కాదు, ముందు సీటును మోకాలితో పైకి తన్నాలి,
అప్పుడు లాగాలి."
తొమ్మిది కుర్చీలు పోట్లాడింది,
పదోదానికి చెయ్యి తిరిగింది.
అప్పుడు చెప్పాను, ముప్పై ఏడో పేజీ సంగతి.
తెరిచి చూసింది. కళ్లజోడు పైకి తోసి మళ్లీ చూసింది.
"ఇదెవరు రాశారు?" అంది,
నన్ను కాదు.

గోడ గడియారం పది దాటింది.
కారులో దింపుతానంది. వద్దన్నాను,
ఓటు ఇంకా వేయలేదు, ముందే రుణమెందుకని.
తలుపు తీసి బయటి గాలి మొహాన తగిలాక
ఒప్పుకున్నాను.

దారిపొడుగునా నా బస్సు ఆగే చోట్లు చూపించాను.
మొత్తం పదిహేడు.
ఏడోచోట షెల్టరుకు అద్దం లేదని
తనే చూసి, కారు నెమ్మది చేసింది.