బూడిద తక్కువ

ఆయిల్ సంగతి నాకు బొటనవేలు చెప్పేది.
డిప్‌స్టిక్ కొసన ఒక చుక్క తీసి
చూపుడువేలికి రాసి, మెల్లగా విడదీసి,
తీగ సాగితే ప్రాణముంది, తెగితే పోయింది.
పేర్నమిట్ట షెడ్డులో ముప్పై ఏళ్లు ఇదే పరీక్ష.
చీమకుర్తి రాయి మోసే లారీలన్నీ
ఈ వేలి కిందే పాసయ్యి పోయాయి.

తిరుపాలు కారు మాత్రం
ఈ వేలిని లెక్కచెయ్యలేదు.

వాడు పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు.
బీఎస్ సిక్స్ డీజిలు, తెల్లది, కిస్తీలింకా నలభై ఒకటి.
మీటరు పక్కన పసుప్పచ్చ దీపం.
"పోయినసారి నువ్వేగా మామా ఆయిల్ మార్చింది" అన్నాడు.
తిట్టలేదు.
తిట్టుంటే బాగుండేది.

నేనే.
మే నెలలో ఒంగోలు తారే కరిగి చెప్పులకంటుకుంటుంటే
పలచన నూనె ఏం నిలబడుతుందని
లారీలకి పోసే చిక్కటిదే పోశాను, ప్రేమగా.
చిక్కదనమంటే మనకంత నమ్మకం.
పాలు చిక్కగా ఉండాలి, పులుసు చిక్కగా ఉండాలి.
నీళ్ల పప్పు పెట్టినింటి మాట
పెళ్లయ్యి పదేళ్లయినా చెప్పుకుంటారు.
డబ్బా మీది అంకెలు చూసి పొయ్యడం
గిద్దెతో కొలిచి అన్నం పెట్టినంత నామోషీ నాకు.

డాష్‌బోర్డు అరలో పుస్తకం.
ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు వాడు.
నేనే చింపాను. కళ్లద్దాలు చొక్కాకి తుడిచి
టైర్లూ బెల్టులూ దాటుకుంటూ పోతే
ఎక్కడో చివర్న దొరికింది:
ఐదు డబ్ల్యూ ముప్పై. దాని పక్కన సీ త్రీ.
ముందు అంకె, తెల్లారి చల్లటి ఇంజన్లో
ఎంత తొందరగా పైకి పాకుతుందో.
వెనకంకె, కాగినాక ఎంత పట్టు మిగుల్తుందో.
అంతవరకూ సరే.
సీ త్రీ ఏంది?

హోల్‌సేల్ రహంతుల్లా ఫోన్లో నవ్వాడు.
"బూడిద తక్కువని, మస్తానయ్యా.
పొగగొట్టంలో జల్లెడుంటది కదా,
మసిని పట్టుకుంటది, బాగా వేడెక్కితే కాల్చేసుకుంటది.
మసి కాలుద్ది. బూడిద కాలదు.
లారీ నూనెలో బూడిదెక్కువ.
ఒక్కసారికే నిండదులే.
రోజూ నాలుగు కిలోమీటర్లకి తాళం తీసేస్తే
మసి కాలే వేడి యాడొస్తది? హైవే ఎక్కించు."

ఫోను పెట్టేశాక కూడా
ఆ మాట షెడ్డులోనే తిరిగింది.

మా నాయన టంగుటూరులో
పొగాకు బ్యారన్‌కి మంట వేసేవాడు.
లోపల థర్మామీటరు వేలాడుతున్నా
అరచెయ్యి గోడకానించి "చాలు" అనేవాడు.
ఏళ్ల తరబడి చాలింది.
ఒక్క రాత్రి ఆకంతా మాడింది.
తెల్లారి పొయ్యిలోంచి బూడిదెత్తుతూ
నాతో కాదు, తనలో తను అన్నాడు:
"చెయ్యి అదే. గోడ మారింది."
ఆ ఏడాదే మట్టిగోడ పడేసి ఇటుక కట్టారు.

పాత నూనె దించాను.
నల్లగా, చిక్కగా, నా నమ్మకం రంగులో దిగింది.
కొత్తది పోస్తుంటే చప్పుడే లేదు.
అలవాటు కొద్దీ వేలి మీద రాసుకున్నా:
తీగ లేదు, తీర్పు లేదు,
ఉత్త నునుపు.

తిరుపాలుని పక్కన కూర్చోబెట్టి
సింగరాయకొండ వైపు తోలాను,
గేరు ఒకటి తగ్గించి, ఇంజను కాస్త గట్టిగా పాడేట్టు.
టంగుటూరు టోలుగేటు దాటాక
దీపం ఆరింది.
"పోయింది మామా!" అని తొడ మీద కొట్టుకున్నాడు వాడు.

మసి పోయింది.
నేను పోసిన బూడిద, ఎంతో కొంత,
ఆ జల్లెడ గూళ్లలోనే కూచుని
బండి ఉన్నన్నాళ్లూ వాడితో తిరుగుద్ది.
అది వాడికి చెప్పాలా వద్దా అనుకుంటూ
సింగరాయకొండలో టీ తాగాం.
చెప్పాను.
కాసేపు గ్లాసులోకే చూశాడు.

టోలు వాడి ఖాతాలోంచి పోయింది.
ఆయిల్ బిల్లులో తగ్గించాను.