కొసరు

ఉత్తరం పోస్టులో వచ్చింది,
ఆర్క్నీ దీవుల నుంచి, నీలం సిరాతో.
ఫెర్రీ ఇంజన్లకి నలభై ఏళ్ళు నూనె పోసిన చెయ్యి
అక్షరాల్ని కూడా బోల్టుల్లా బిగించింది.

"అమ్మాయ్, ఆ పెద్ద అంగడి గడప ఇక తొక్కను.
నీ కొత్త నవల కావాలి.
డబ్బు నీకే ఇస్తాను, దారి చెప్పు.
ఇట్లు, ఎర్లెండ్ ఫ్లెట్."

దారి నాకూ తెలీదు.
ఓబన్‌లో పొద్దున్నే బడి వంటింట్లో
బంగాళాదుంపల తొక్క తీస్తాను,
మధ్యాహ్నాలు హంతకుల్ని వెతుకుతాను.
పదకొండేళ్ళలో ఎవరూ నా చేతిలో
పుస్తకం ఖరీదు పెట్టలేదు.
అంగడే అమ్ముతుంది, అంగడే కోసుకుంటుంది,
నెలాఖరున తెరమీద ఒక అంకె
పలకరించీ పలకరించనట్టు తలూపి పోతుంది.

ఫోన్ చేసి, ఎందుకండీ ఇంత పట్టుదల, అన్నాను.
కెటిల్ ఈల ఆగేదాకా మాట్లాడలేదు.
"చలికాలంలో ఒకటి చదువుతున్నాను, సగంలో ఉన్నాను.
పొద్దున లేచేసరికి లేదు.
అడిగితే, మీకు అమ్మలేదండీ,
చదువుకోనిచ్చాం, అన్నారు.
నేను కొన్నాననుకున్నాను మరి.
మా రేవులో పడవ అమ్మినవాడు
అర్ధరాత్రి వచ్చి తాడు విప్పుకుపోడు."

నాలుగు పౌండ్లు, అన్నాను.
ఐదు పంపాడు.
కొసరు కొన్నవాడు వెయ్యడం
నేనెక్కడా చూళ్ళేదు.

ఫైలు పంపాను. తెరుచుకోలేదు.
అతని ఒళ్ళో ఉన్న పలక ఆ అంగడిదే!
వెలేసినవాడి విస్తట్లోనే తినాలి ఇప్పుడు.
ఇద్దరం నవ్వుకున్నాం, అతను కొంచెం తక్కువగా.
గంటా ఇరవై నిమిషాలు ఫోన్లోనే
తీగ ఎక్కడ గుచ్చాలో, ఏ గూట్లో పడెయ్యాలో.
"వచ్చిందా?" "లేదు."
"ఇప్పుడు?" "ఉండు, కళ్ళజోడు."
వెనకాల ఎక్కడో కుక్క మొరిగింది.
"ఆ, నీ పేరు కనబడుతోంది."

ఆ గంటకి వంటింటి కూలీ
ఐదు పౌండ్ల కంటే ఎక్కువే.
లెక్క రాసే అలవాటు కనుక రాసుకున్నాను, నష్టం అని.
కొట్టేశాను. మళ్ళీ రాశాను.

అతనికి చెప్పని సంగతి ఒకటుంది.
ఆ అంగడి అరమీంచి నేనింకా దిగలేదు.
దిగుదామంటే కరెంటు బిల్లు కాలు పట్టుకుంటుంది.
అతను తొక్కనన్న గడప లోపలే
నేను ధర చీటీ మెడకేసుకుని నిలబడి ఉన్నాను.
అడిగితే చెబుదామనుకున్నాను.
అడగలేదు.

రెండు వారాలకి ఇంకో ఉత్తరం, నీలం సిరాతోనే.
"ఇరవైమూడో అధ్యాయం చూడు.
పౌర్ణమి మర్నాడు ఆ వేళకి
మా జలసంధిలో పాటు ఉండదు, పోటుంటుంది.
నీ శవం అటు పోదు,
ఇటే వస్తుంది, మా ఒడ్డుకి.
మిగతాదంతా బాగుంది."

రెండు రాత్రులు కూచుని తిరగరాశాను.
నీళ్ళు దిశ మార్చుకుంటే
పాపం, పోలీసువాడి అబద్ధం కూడా మారాల్సొచ్చింది.
తెల్లవారుజామున అతనికి పంపాను.

అంగడికి పంపలేదు ఇంకా.
రేపు పంపుతాను, రేపో ఎల్లుండో.
అక్కడ వెయ్యిన్ని చిల్లర ప్రతుల్లో
శవం తప్పు దిక్కుకి కొట్టుకుపోతూనే ఉంది.
స్ట్రోమ్‌నెస్‌లో ఒక్క వంటింట్లో మాత్రం,
ఐదు పౌండ్లిచ్చినవాడి పలకలో,
పోటు వేళకి పోటే వస్తోంది.