తడి పలక

మైలపల్లి నూకరాజు ముప్పైరెండేళ్ళు ఓడల్లో స్టూవార్డు.
ఇప్పుడు పెదవాల్తేరులో మూడో అంతస్తు,
జానెడు సముద్రం కనబడే వరండా,
రెండు ప్లాస్టిక్ కుర్చీలు,
వాసన తెలీని ముక్కు.

జొరం వచ్చి, పోతూ పోతూ పట్టుకుపోయిందట.
"వంజరం ముక్క మాడిపోతన్నా తెల్దొరే" అని నవ్వుతాడు.
నవ్వు పూర్తికాకుండానే లేచి
పొయ్యి చూసొస్తాడు.

ఇవాళ ఒక సీసా తెచ్చాడు.
సన్నగా, ఆకుపచ్చగా, కొంగమెడతో.
పద్నాలుగేళ్ళు ఫ్రిజ్ కిందరలో
కరివేపాకు పక్కన పడుకున్నది.
లేబుల్ మీద అక్షరాలు ముళ్ళకంచె.

"రీస్లింగు. మోజెల్ ఏటి ఒడ్డుది. ష్పేట్లేజె.
అంటే, ఊరంతా కోసుకుపోయాక కూడా
తీగనే ఇంకొన్నాళ్ళు ఉంచేసిన పళ్ళు."
"డ్రైయా?" అన్నాను, తెలిసినట్టు.
"మనకి డ్రై అంటే ఎండు నెత్తళ్ళు, లేకపోతే అక్టోబరు రెండు.
ఆళ్ళకి, తీపంతా ఇంకిపోయినది. ఇది కాదు.
ఇందులో కాస్త మిగిల్చారు."

గ్లాసుకి చెమట పట్టింది.
తను పోసుకోలేదు.
"నీ ముక్కు ఓ గంట అరువియ్యి" అన్నాడు.

చల్లగా ఉందన్నాను.
"అది వాసన కాదొరే."
నిమ్మతొక్క.
"ఇంకా?"
ఇంకా, ఒకటో తరగతి.
ఉమ్మేసి, జామాకుతో తుడిచి,
ఆరేలోపు ముక్కుకి ఆనించుకున్న పలక.

కళ్ళు మూసుకున్నాడు.
"అక్కడ కొండంతా పలకేరా. కాలు పెడితే జారిపోద్ది.
పగలల్లా ఎండని దాచుకుని
రాత్రికి తీగలకిస్తాది.
మనం మార్కాపురం పలకల మీద అ ఆలు దిద్దాం,
ఆళ్ళు ద్రాక్ష దిద్దుకున్నారు."

నోట్లో పోసుకున్నాను.
ముందు తీపి. ఓస్, ఇంతేనా అనుకునేలోపు
పులుపొచ్చి దాని రెక్క పట్టుకు లాక్కుపోయింది.
చేపల పులుసు దించేముందు
అమ్మ వేసే బెల్లం ముక్క గుర్తొచ్చింది:
వేస్తే తెలీకూడదు,
వెయ్యకపోతే తెలిసిపోవాలి.

ఇంకోటి కూడా ఉంది.
చెప్పడానికి నోరు రాలేదు.
పాపం ఇన్నాళ్ళు దాచాడు, పాడైపోయిందేమో.

మల్కాపురం. రిఫైనరీ లాబ్‌లో ఇరవయ్యారేళ్ళు.
ఎన్ని ఉతుకులు ఉతికినా చొక్కాని వదలనిది.
పెళ్ళిపందిట్లో పక్క కుర్చీ
మెల్లగా అవతలికి జరిగేది.
గాలి ఇటు మళ్ళిన రాత్రి
అన్నంలో కూడా ఉండేది.

"పెట్రోలు" అన్నాను.

"మళ్ళీ అను."
"పెట్రోలు."

కుర్చీ కిర్రుమంది. నా మోకాలు పట్టుకున్నాడు.
"అదేరా! దానికోసమే దాచాను.
కుర్ర వైనుకి రాదది, వయసు మీద పడాల.
కోబ్లెంజ్‌లో ముసిలాయన చేతిలో పెడతా చెప్పాడు,
పదేళ్ళు ఆగమని.
నానాగాను.
ముక్కే ఆగలేదు."

అప్పుడు పోసుకున్నాడు, రెండు వేళ్ళ మందం.
నాలిక్కి పులుపూ తీపీ అందుతున్నాయట,
మిగతాది నామీద నమ్మకం.

దూరంగా డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
"అంత ముక్కుంది దానికి. ఏటైనా తెలుస్తాదంటావా?"
ఇద్దరం చాలాసేపు నవ్వాం.
తర్వాత చాలాసేపు నవ్వలేదు.

గ్లాసు వెచ్చబడేకొద్దీ వాసన మారింది.
"ఇప్పుడేటి?"
తేనె. కాదు, తేనెపట్టు మైనం.
"నెమ్మదిగా చెప్పు. తొందరేటి మనకి."

లోపలికెళ్ళి ఐసు తెస్తున్నప్పుడు
ఎవరూ చూడకుండా
నా చొక్కా కాలరు ఓసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
రిటైరై నాలుగేళ్ళు.
ఏమీ లేదు. సబ్బు.

మళ్ళీ వచ్చి కూర్చుని
గ్లాసులోకి వంగాను.