లెక్కలోకి రానివి

గునుపూర్ బస్టాండు ఎదర
మూడడుగుల కొట్టు నాది.
ముందు గొడుగులు బాగుచేసేవాణ్ణి,
ఇప్పుడు రీచార్జీలు.
రెండూ ఒకటే పని,
తెరుచుకోనిదాన్ని తెరవడం.

గోడకి మూడు కంపెనీల అట్టలుండేవి.
ఈ ఎండల్లో ఎరుపువాడు మొదలెట్టాడు:
బొమ్మల యాప్ ఉచితం, పాటల యాప్ ఉచితం,
కబుర్ల యాప్ ఉచితం,
రాత్రంతా చూసినా డేటా లెక్కలోకి రాదు.
వారం తిరక్కుండా నీలంవాడు
క్రికెట్టు కూడా రాదన్నాడు.
పసుపు కంపెనీ ఏజెంటు దండాసి
బండి స్టాండు వెయ్యకుండానే టీ తాగి
"మాది ఇంక లేదు బావూ" అనీసి
అట్టని గోడకేసి తిప్పి వెళ్లిపోయాడు.
ఆ కంపెనీకి నేను నూట నలభై బాకీ.
ఎవరికివ్వాలో ఇప్పటికీ తెలీదు.

పుట్టాసింగ్ కొండల్లోంచి వస్తాడు ఎలియా రైత.
ఐటీఐ చదివాడు, గోళ్లలో ఎప్పుడూ గ్రీజు.
వాడొక యాప్ చేశాడు, పేరు కాటా.
చింతపండు, జీడిపిక్కలు, అడ్డాకులు, కొండచీపుర్లు
ఏ సంతలో ఎవరెంతకి కొంటన్నారో
తెలుగులో, ఒడియాలో, సవర మాటలో
వాడి చెల్లెలు సుసానా గొంతు చదివి చెబుతాది.
పసుపు ధర చెప్పేముందు ఆ పిల్ల దగ్గుతాది.
ఆ దగ్గు కూడా అలాగే ఉంచేశాడు.
తొలి నెల అరవై ఫోన్లలో
నా చేత్తోనే ఎక్కించాను.

ఎరుపువాడి ఆఫరొచ్చిన మర్నాడు
జీడిపిక్కల రత్తాలు ఫోను బల్ల మీద పెట్టింది.
"ఇదీ ఉచితమేనా?"
"కాదమ్మా, ఇది లెక్కలోకి వస్తాది."
"అయితే తీసీ నాయనా.
ధర సంతలో ఎలాగూ తెలుస్తాది కదేటి."

తీసేశాను. అరవైలో నలభై ఏడు
ఈ బొటనవేలితోనే తీశాను.

మా అయ్య రోజుల్లో
కొండ దిగడానికి సావుకారు లారీ ఉచితం.
మనిషికీ లేదు, బస్తాకీ లేదు.
దిగడం మాత్రం ఆయన కాటా ముందే.
ఆ కాటా తట్ట అడుగున
చింతపండు ముద్ద అంటించి ఉండేదని
ఎక్కేవాళ్లందరికీ తెలుసు.
అర్ధరూపాయి బస్సు ఖాళీగా తిరిగి తిరిగి
ఓ ఏడు రావడం మానేసింది.
ఆ మరుసటేడు లారీకి టిక్కెట్టు పెట్టారు,
ముప్పావలా.

ఎలియా ఎరుపువాడి ఆఫీసుకెళ్లాడు.
ఉచితం జాబితాలో నాదీ చేర్చండన్నాడు.
చల్లటి గదిలో కూచోబెట్టి
ఇరవై పేజీల ఫారమిచ్చారట.
మూడో పేజీలో ఒక గడి:
మీ యాప్ వాడేవారు, లక్షల్లో.
లక్షల్లో పదమూడు ఎలా రాస్తారని
నన్ను అడిగాడు.
నేను పదో క్లాసు లెక్కల్లో తప్పినవాణ్ణి.

వాడు కోప్పడలేదు. సుద్దముక్క అడిగాడు.
పసుపు కంపెనీ అట్ట వెనక
ఆ మంగళవారం ధరలు రాశాడు.
జనం మూగారు.
ఎవడో ఫోటో తీసి
ఉచితం యాప్‌లో పంపాడు.
బొమ్మయితే లెక్కలోకి రాదు కదా!
సాయంత్రానికి వంశధార దాటి
అవతల ఆంధ్రా ఊళ్లకీ చేరిపోయింది
ఎలియా వంకర రాత.
వాడు నవ్వాడు గానీ
ఆ నవ్వు సగంలో ఆగింది.

శుక్రవారం రత్తాలు వచ్చింది.
మంగళవారం బొమ్మ చూపించి
శుక్రవారం పిక్కలు అమ్మేసింది,
కేజీకి పదకొండు తక్కువకి.
సుసానా గొంతయితే
పొద్దున్నే కొత్త ధర దగ్గేది.

ఎవరినీ అనలేను.
ఉచితం అంటే నాకూ చెయ్యి సాగుతుంది,
రాత్రి కొట్టు మూసి ఆ పాటలే వింటాను.

నిన్న వానకి అట్ట మీద ధరలు చెరిగిపోయాయి.
పసుపు వంక కంపెనీవాడి నవ్వు మాత్రం చెరగలేదు.
ఎలియా ఫోన్లో డేటా అయిపోయి
యాప్‌లో ధరలు మార్చలేక కూచున్నాడు.
ఆ నూట నలభై బాకీ గుర్తొచ్చింది.
"నీకు వేస్తాను, నంబరు చెప్పు" అన్నాను.
చెప్పాడు.
"ఎరుపా, నీలమా?"

వాడు చాలాసేపు
తడిసిన అట్ట వంకే చూశాడు.