నలభై మూడు దగ్గర

ఇజీనారం కాలేజీ కొలిమిలో
మూడు రాత్రులు కాల్చిన బిళ్ళ ఇది.
లాంథనం, స్ట్రాన్షియం, కాల్షియం సీసాల్లో కొన్నవే.
మాంగనీసూ సీసాలోదే, నిజానికి.
దానిమీద ఏ ఊరి పేరూ లేదు కనక
గరివిడి అనుకున్నాను.

మందుబిళ్ళంత నలుపు.
పొద్దున్నే దూలానికి కట్టిన సూదంటురాయికి అందించాను,
టిక్కున అతుక్కుంది.
చోడంబలి గిన్నె దించకుండానే మా అమ్మ
"మా రాయి ఎప్పుడూ అలాగ అతుక్కోలేదే" అంది.
ముప్పై ఏళ్ళు గనిలో రాయి ఏరిన చెయ్యి,
కంటికంటే ముందు
బరువుతో రకం చెప్పే చెయ్యి.

మధ్యాహ్నం రేకుల కింద నలభై రెండు.
కరెంటు పోయింది.
బిళ్ళ ఇంకా వేలాడుతూనే ఉంది.
లోపల మాత్రం కోటానుకోట్ల ముళ్ళు
ఒక్కొక్కటీ పక్కదాని ముఖం చూస్తూ
అటా ఇటా తేల్చుకోలేని వేళ.
ఉత్తరమనే గుంపులో దక్షిణమనే గుంపు,
దాని నడుమ మళ్ళీ ఉత్తరమంటూ ఓ పిడికెడు.
గోరంత మచ్చా ఉంది, బిళ్ళంత మచ్చా ఉంది,
ఇదీ దీని సైజు అని చెప్పడానికి లేదు.
లాబులో ఇక్కడే నా కొలతలు మొరాయిస్తాయి:
ఒక్క అంకె కుదుటపడ్డానికి గంట,
ఊదితే చాలు, బిళ్ళంతా ఒణుకు.

చెప్పాను, నాకొచ్చిన మాటల్లో.
అమ్మ చాలాసేపు పలకలేదు.

"కూలీ కోసీసిన ఏడు...
నీకెలా తెలుస్తాది, కడుపులో ఉన్నావు.
నలభైమందిమి. నెత్తిన తట్టలు.
దించాలా, మొయ్యాలా?
నేను నూకాలు ముఖం సూసేను,
నూకాలు సిన్నమ్మి ముఖం సూసింది,
అది మళ్ళీ నా ముఖమే సూసింది.
కాంట్రాట్రు కూడా కదల్లేదు.
అప్పుడు నా తట్ట పడింది.
ఆ ఎనకాల అన్నీ."

ఈ కథ నాకు తెలుసు. ఊరికీ తెలుసు.
రేషను షాపులో ఇప్పటికీ ఆమె
తట్ట దించిన పారమ్మ.

"నేను దించలేదే" అంది,
ఇన్నేళ్ళకి.
"సెమటకి జారింది."

టప్.
బిళ్ళ నేలమీద.
థర్మామీటరులో నలభై మూడుకి ఓ గీత తక్కువ.

"అయినా ఒకటి అడుగుతాను.
మేం వేడెక్కి ఒకటయ్యేం.
నీ రాయి వేడెక్కి ఇడిపోనాది.
తిరకాసు కాదేటి?"

తిరకాసే.
పోలిక అక్కడ విరిగింది,
అతికించడం నాకు చేతకాలేదు.
నోటుబుక్కులో తేదీ వేసి
కింద గీత గీసి ఊరుకున్నాను.

సందేళకి వేగన్లు చీపురుపల్లి వైపు
ఇనుప దగ్గు దగ్గుతూ కదిలాయి.
వంగి, చల్లారిన బిళ్ళని అమ్మే ఏరింది.
సూదంటురాయికి చూపించలేదు.
అరచేతిలో రెండుసార్లు ఎగరేసి
"మంచి రకమే" అంది.