సమాపక క్రియ

బెర్గెన్‌లో వాన. ఫెర్రీ ఆఫీసు మూడో అంతస్తులో
టోర్గున్ ఒక్క ట్యాగు రాస్తుంది,
లైబ్రరీ దాన్ని పద్నాలుగు టేబుళ్లుగా కక్కుతుంది,
ఒకదాని కడుపులో ఒకటి.
వాలిడేటర్ లెక్క: రెండువందల పదకొండు తప్పులు.
"తెరమీద బాగానే ఉందిగా" అన్నాడు మేనేజరు.

ఉంది.
ఐలర్ట్ తెర చూడడు, చెవులతో చదువుతాడు.
ఏడుంబావు పడవ ఏ రేవు నుంచో తేలక
ఆ సోమవారం గట్టుమీదే తడిశాడు.

తెరిచి, చుట్టి, వరసపెట్టి, వదిలేసి...
క్రియ ముగియని వాక్యాన్ని
ఎంతసేపని వినాలి?

ఆమె లైబ్రరీ పొట్ట విప్పింది.
అది నమిలి మింగిన మాటలన్నీ
ఒక్కొక్కటే సరిగ్గా పలికించింది.
రాత్రి రెండింటికి ఇంకొక్కటి మిగిలింది,
ఎక్కడో మూయని పేరా.
దాన్ని పొద్దుటికి వదిలి,
గొడుగు మర్చిపోయి,
ఇంటికెళ్లింది.